కెప్టెన్ గారి బఠాణీ చారు

టెక్సెల్ రేవు, ఓడ మీద నుంచి

సౌభాగ్యవతి నేల్టియేకు,

నేను క్షేమంగా లేను. ఆదివారంలోగా నావికులు కుదరకపోతే ఈ యుద్ధపు ఓడను సర్కారువారు మీ అన్న హైబర్ట్‌కి ఇచ్చేస్తారట! వాడి కింద నేను పనిచేయాలట! హోర్న్ ఊరంతా డప్పు కొట్టించినా ఒక్కడూ రాలేదంటావేమిటి? ఆ డప్పువాణ్ణి మార్చు.

నీ భర్త, కెప్టెన్ యోరిస్

తా.క. ఓడకు తిండిసామాను పంపేది నువ్వేగా, పాత బఠాణీలే కొను. సర్కారు తిండికిచ్చిన డబ్బులో మిగిలింది కెప్టెన్‌కే.

---

మావారికి,

డప్పువాణ్ణి మార్చాను. కొత్తవాడి మోతకి పక్కింటి చెవిటి ముసలమ్మ కూడా బయటికొచ్చింది, నావికులే రాలేదు. సారా కొట్లో నావికుల్ని అడిగితే, "పోయినసారి సంగతి మాకు తెలుసులేమ్మా" అంటున్నారు. కాస్త ఆలోచించండి.

మీ నేల్టియే

తా.క. పాత బఠాణీలు చూపిస్తే మన పంది మూతి తిప్పుకుంది.

---

పిచ్చిదానా,

పోయినసారి సంగతంటే ఆంగ్లేయులతో యుద్ధం! వెధవలకి ఫిరంగులంటే భయం. నేను డెక్కు మీద కత్తి పట్టుకుని నిలబడ్డ వైనమంతా రాసి దీంతో పంపుతున్నాను. సారా కొట్లో గట్టిగా చదివించు.

యోరిస్

తా.క. తిండిసామాన్లో వెన్న ఊసే ఎత్తకు. వెన్న తింటే నావికుడికి బద్ధకం.

---

మావారికి,

నేనే బల్లెక్కి చదివాను. మీకు గాయమైన చోట నాకు ఏడుపాగలేదు. అంతా అయ్యాక ఒకడు లేచి, "బాగుందమ్మా, ఆ మధ్యాహ్నం మాకేం పెట్టాడో అది కూడా చదువు" అన్నాడు. కొట్టంతా పగలబడి నవ్వింది. మీ చారులో బఠాణీ దొరికినవాణ్ణి అదృష్టవంతుడనేవారట! ఇంకా ఫిరంగులేనంటారా?

నేల్టియే

తా.క. ఆ మాటన్నది ఓడలో మీ పాత వంటవాడే.

---

నేల్టియే,

నా ఉప్పు తిని నన్నే అంటాడా! సరే, ఎల్లుండే ఆదివారం. వాళ్లకేం మాటిస్తావో ఇవ్వు, దానికి నేను కట్టుబడతాను. మీ అన్నకి వంగి దండం పెట్టడం మాత్రం నా వల్ల కాదు, తల్లీ!

యోరిస్

---

మావారికి,

ఓడ నిండా మనుషులు కుదిరారు. పడవల్లో బయల్దేరారు కూడా. వాళ్లతోపాటే కొత్త బఠాణీలు, ఎండుచేపలు, చీజు, వెన్న పీపాలు వస్తున్నాయి. సామాన్ల గది తాళంచెవి మీ ఆ పాత వంటవాడి మెడలోనే ఉంటుంది, మీ చేతికివ్వరు. అలాగని బైబిలు మీద ఒట్టేశాను. కట్టుబడతానన్నారుగా, అరవకండి. కడుపు మాడినవాడు మీ పక్కన నిలబడి పోరాడడు. మిగులు డబ్బు నాకక్కర్లేదు, మీరు ప్రాణాలతో తిరిగొస్తే చాలు.

మీ నేల్టియే

తా.క. మీకూ వాళ్లు తినే ఆ కుండలోదే తిండి. రెండోసారి కావాలంటే వంటవాణ్ణి "అయ్యా" అని అడగాలట. మీ తరఫున ఒప్పుకున్నాను.