నాలుగో సాంచె చీర

నవీన వదినకు,

లగ్గం చీర అందింది. మీరు ఫోన్‌లో పంపిన ఫొటోలోని మెరూన్ రంగే. దాదర్‌లో కొన్న కంచిపట్టు అన్నారు. మరి నన్ను దుకాణానికి ఎందుకు రానివ్వలేదు?

మా మగ్గాల బస్తీ కామత్‌ఘర్‌లో ఏ బట్టనైనా ముందు తిరగేసి చూస్తాం. అంచులో జానెడుకొకసారి ఒక పోగు తప్పింది. మా నాన్న పనిచేసే పవర్‌లూమ్ షెడ్డులో నకిలీ పట్టు నేసే నాలుగో సాంచె మగ్గం చేసే తప్పు అదే.

నాన్న కూడా చూశాడు. అంచును వేలితో తడిమి, "అసలు పట్టే బిడ్డా, మంచిగున్నది" అన్నాడు. ఆయన అబద్ధమాడగా వినడం నాకు ఇదే మొదలు.

మోసం దుకాణానిదా, మీదా? మీ తమ్ముణ్ణి కూడా అడగను. పెళ్లికి అదే కడతాను. పందిట్లో మా నాన్న ముందు మాత్రం దాన్ని కంచి అనకండి.

మీకు కాబోయే మరదలు