సమాధి రాయి మీద ఒక మాట

ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చాక

చిరంజీవి చిన్నోడికి,

అక్క దీవించి రాస్తున్నది. మోకాళ్ళు తప్ప నేను క్షేమం. నువ్వూ మరదలూ క్షేమమనే అనుకుంటాను. నువ్వెలాగూ రాయవు కనక అనుకోవడమే నా పని.

మీ అన్న పోయి నెల దాటింది. వాడు బతికుండగా బిషప్ గారి అక్కనని ఎవరూ నా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఇంట్లో కుర్చీలు చాలడం లేదు! సంస్మరణ కమిటీ వాళ్ళు రోజూ వచ్చి, సమాధి రాయి మీద పేరు కింద ఏం చెక్కించాలో తేల్చమంటారు. ఉపదేశి ఏమో పుణ్యాత్ముడని రాయిద్దామంటాడు. అంటురోగం వచ్చిన ఏడాది బిషప్ గారే రోగుల బేసిన్లు కడిగారని ఆసుపత్రి నర్సు ఏడుస్తుంది. అదీ నిజమే, నేను కళ్ళారా చూశాను.

మొన్న మన చర్చి హాస్టల్లో చదివిన ఒక కుర్రాడి తల్లి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పిల్లల్ని పాడుచేసిన ఆ వార్డెన్ని బిషప్ గారు పోలీసులకి అప్పగించకుండా వేరే ఊరికి బదిలీ చేశాడని కూడా చెక్కించండి, మావాడు ఈనాటికీ తలుపు వేసిన గదిలో నిద్రపోలేడు అంది. కమిటీ పెద్ద గొంతు తగ్గించి, పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదమ్మా అన్నాడు. బతికున్నప్పుడు మాట్లాడనిచ్చారా నాయనా అని అడిగాను.

రాళ్ళు చెక్కే ఆయన ఇంకా నయం. ఏదో ఒకటి తేల్చండమ్మా, రాయి మా వాకిలికి అడ్డంగా ఉంది, మా ఆవిడ తిడుతోంది అంటున్నాడు.

ఇక నువ్వు! సంస్మరణ సభకు రాను, ఆ పేరు నా దగ్గర ఎత్తొద్దని కబురు పంపావు. ఆ పిల్లల తరఫున మాట్లాడావనే మీ అన్న నీ గురుత్వం తీయించి ఫాదర్ అంగీ విప్పించాడు, ఒప్పుకుంటాను. కానీ ఒరేయ్, మీ ఇద్దరి మధ్యా నలిగి నా ప్రాణం విసిగిపోయింది. వాడు చచ్చి సాధించాడు, నువ్వు బతికుండి సాధిస్తున్నావు.

శనివారం సభ. నన్ను మాట్లాడమన్నారు, ఆ వంతు నీకిస్తాను. బేసిన్ల సంగతీ చెప్పు, హాస్టల్ సంగతీ చెప్పు. ఆ తల్లిని నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను, ఎవరు లేపుతారో చూస్తాను. నువ్వొచ్చి చెప్పేదాకా రాయి ఆ వాకిట్లోనే ఉంటుంది.

మీ ఇద్దరికీ అక్కనై పుట్టిన,
పెద్దక్క

తా.క. రాయకూడదనుకున్నాను, చెయ్యి ఊరుకోలేదు. మీ అన్న ఆఖరి సాయంత్రం ఆసుపత్రి వరండాలో చివరి తైలం ఎవరు పూయాలా అని నలుగురు ఫాదర్లు వంతులాడుకుంటుంటే, వాడు తన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి ఒక్కరినీ దగ్గరికి రానివ్వలేదు. తమ్ముణ్ణి పిలవమన్నాడు. వాడి గురుత్వం నువ్వే తీయించావు కదరా, వాడెలా వింటాడు అని విసుక్కున్నాను. చావు దగ్గరపడ్డవాడిదైతే ఎవరైనా, అంగీ విప్పించిన ఫాదరైనా వినొచ్చక్కా, మన చర్చి చట్టంలోనే ఉంది అన్నాడు. బయట నలుగురున్నారు కదా అంటే, వాళ్ళు ఇట్టే క్షమించేస్తారు, వాడైతే ఆ పిల్లల పేర్లు అడుగుతాడు అన్నాడు. నర్సు చేత నీకు ఫోన్ చేయించాను. తెలియని నంబరు కదా, నువ్వు ఎత్తలేదు.

తలుపు వైపు చూస్తూ ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. అందరూ గుర్తున్నార్రా వాడికి. దానికే నాకు ఒళ్ళు మండుతోంది.