ఆయ్ అన్న రోజు

ఐ.పోలవరం.

నా తల్లి జాయ్‌కి అమ్మ ముద్దులు, దీవెనలు.

ప్రభువు కాపుదలలో నేనూ నాన్నగారూ బాగున్నాం. కాకినాడలో నువ్వూ అలాగే ఉన్నావని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసేసుకోవడం వల్ల నీ చేతిరాత చూసే భాగ్యం కలిగింది.

నా వేళ్ళ గురించి అడిగావు. ఐసులో రొయ్యలు ఒలిచీ ఒలిచీ చర్మం ఊడిపోయేది కదా, ఇప్పుడు షెడ్డులో అందరికీ గ్లౌజులు ఇచ్చారు. పుళ్ళు మానుతున్నాయి. ఈ నెల నుంచి ప్రభుత్వం చెప్పిన కూలే చేతికి వస్తోంది. నాన్నగారు బీపీ మాత్ర విరిచి సగమే వేసుకోవడం మానేశారు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుక వేశాం.

మన పక్కింటి రేవతి కాకినాడ వచ్చినప్పుడు చెప్పగా విని, "మా అమ్మ లేబరాఫీసుకి వెళ్ళి నిజం చెప్పింది" అని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకున్నానని రాశావు. ఆ మాట దాటి నీ ఉత్తరం ముందుకు చదవలేకపోయాను. నీకొకటి చెప్పాలి.

నేను ఆఫీసుకి వెళ్ళక ముందు లేబరాఫీసరు మా షెడ్డుకే వచ్చారు. అక్కడ రిజిస్టర్లో రాసేది పూర్తి కూలి, చేతికిచ్చేది సగానికి కాస్త ఎక్కువ. మూడేళ్ళుగా అందులో సంతకం పెడుతున్నాను. ఆయన ఆ పేజీ చూపించి, "ఈ కూలి మీకు ఇస్తున్నారామ్మా?" అని అడిగారు. మేనేజరు పక్కనే నిలబడ్డాడు. నీ ఫీజు కళ్ళ ముందు మెదిలింది.

"ఆయ్, ఇస్తున్నారండీ" అనేశాను.

నా పక్కన కృపమ్మత్త. మామయ్య పోయాక ఆ కూలి మీదే బతుకుతున్న మనిషి.

"లేదండీ. సంతకం ఒకదానికండీ, ఇచ్చేది ఇంకోటండీ" అంది.

సాయంత్రానికి ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళి, "అబద్ధం చెప్పేను వదినా" అని ఏడ్చాను.

"ఊరుకో ఎలీసా. ఆ సంతకం మొన్నటిదాకా నేనూ పెట్టేను కదా. ఇప్పుడు చెబుదువుగాని, పద" అని చీర మార్చుకుని వచ్చింది. అమలాపురం లేబరాఫీసుకి వెళ్ళే బస్సులో నా టిక్కెట్టు కూడా తనే తీసింది. నేను చెప్పాక ఇంకో పదకొండు మంది వెళ్ళి చెప్పారు. వదినని మళ్ళీ పనిలోకి పిలిచారు.

ధైర్యం ఆవిడది, తల్లీ. నా చెయ్యి పట్టుకుని నడిపించింది. రోజూ ప్రార్థనలో ఆవిడ పేరు చెబుతున్నాను. సెలవులకి వచ్చినప్పుడు బస్సు దిగి ముందు వాళ్ళింటికి వెళ్ళు. మన ఇంటికి కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇట్లు,
నీ అమ్మ,
ఎలీసమ్మ