మెట్లు కూడా మన లెక్కలోనే

ఏమండీ, పదకొండింటికి బ్రోకరు ఫ్లాటు అగ్రిమెంటు పట్టుకొస్తాడు. నేను షాపు నుంచి వచ్చేదాకా సంతకం పెట్టకండి. మీ మొహమాటం నాకు తెలుసు, అందుకే ఇంట్లో పెన్నులన్నీ నా సంచిలో వేసుకున్నాను.

వాడు చెప్పిన వెయ్యి అడుగుల్లో మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గదిలో మన వాటా కూడా కలిపేశాడు. దాన్నే సూపర్ బిల్టప్ అంటారు. గోడల మధ్య మనం కాలు మోపే కార్పెట్ ఏరియా ఆరొందల ఎనభయ్యే. నిన్న మీరు వాడి మాటలకి తలూపుతుంటే, నేను కుట్టు టేపుతో గదులన్నీ కొలిచాను. ఇరవయ్యేళ్ళుగా ఊరందరి కొలతలూ తీస్తున్నదాన్ని, నన్ను ఒక్కమాట అడిగారా?

అన్నట్టు, ఆ కిటికీ ఉన్న గదిలో అత్తయ్య మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. ఆవిడ పొద్దుటినుంచీ ఆ కిటికీ గురించే మురిసిపోతున్నారు. మీరే చెప్పండి, నాకు నోరు రాలేదు.