ఎద్దు మూతికి చిక్కం

నకరికల్లు, సోమవారం

మిల్లు షావుకారు బాలకోటయ్య గారికి, మీ వేరుసెనగ మిల్లులో గింజలేరే సలోమి వందనాలు.

నెల నుంచి మా నోటికి మాస్కు కట్టిస్తున్నారు గనక కాగితం మీద చెబుతున్నాను. శుభ్రం కోసమన్నారు. అయితే మంచినీళ్ల డ్రమ్ముకు మూతేది? మేం గింజలు నోట్లో వేసుకుంటామని మీ భయం. కళ్లంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని మా బైబిలు వాక్యంలో ఉంది. చిక్కం తీసేయండి.

ఇట్లు, సలోమి

తా.క. మాస్కు వెనక నవ్వుతున్నామో తిడుతున్నామో మీకు తెలవదు.

నరసరావుపేట, మంగళవారం

సలోమమ్మకు బాలకోటయ్య రాయునది.

ఎద్దేంది? మన మిల్లు కరెంటు మోటారు మీద నడుస్తుంది. మా తాత గానుగెద్దు పోయి నలభై ఏళ్లయింది. దానికి చిక్కం కట్టారని ఎవరు ఫిర్యాదు చేశారు? మూడు తరాలుగా మా తూకానికి పేరుంది. పశుహింస మచ్చ రానీయొద్దు. మీ చర్చికి రెండు కిలోల వేరుసెనగ పప్పు పంపుతున్నాను.

ఇట్లు, బాలకోటయ్య

తా.క. మాస్కులు కరోనా నాటివి. మూడు పెట్టెలు మిగిలాయి. పారేయటానికి చేతులు రాలేదు.

నకరికల్లు, బుధవారం

షావుకారు గారికి వందనాలు.

పప్పు తిప్పి పంపాను, తూకమేసి చూసుకోండి. మేమడిగింది దానం కాదు. పొద్దుగూకులూ ఏరే మనిషి ఆకలేసి గుప్పెడు తింటే దొంగతనమా? అది కష్టానికి రావాల్సిందే. ఎద్దంటే మేమేనండీ! మేమేరిన విత్తనం ఒక్కటీ మొలవకుండా బీరుపోదని ఎడ్లపాడు రైతులు మీ ముందే అన్నారు గదా.

సోమవారానికి చిక్కం తీయకపోతే నలభైమందిమీ మిల్లుకొచ్చే ఆటోలు ఎక్కం. ముందు నా పని తీసేసినా సరే.

సలోమి

తా.క. రెండు కిలోలని పంపింది యాభై గ్రాములు తక్కువుంది.

నరసరావుపేట, గురువారం

సలోమమ్మకు,

ఛీ ఛీ! మిమ్మల్ని ఎద్దులన్న వెధవ ఎవడు? మోటారు చూసే హబీబుల్లాని నిలదీశాను. మోటారు మీద చెయ్యేసి ఒట్టేశాడు. గేటుకు బోర్డు పెట్టించాను: 'ఇచ్చట ఆడవారిని ఎద్దులనరాదు.' ఇంకేం కావాలి?

మాస్కు మాత్రం తీయను. అది కట్టినా ఈ నెల ఆరు కిలోలు తరుగొచ్చింది. ఎట్లా తింటున్నారమ్మా?

బాలకోటయ్య

తా.క. రేపు మా ఆవిడ సుశీల కాపలాకొస్తుంది. ఆమె కళ్లు కప్పటం మీ తరం కాదు.

నరసరావుపేట, శనివారం

సలోమమ్మా,

నీ జవాబు రాకముందే రాస్తున్నా. నిన్న సుశీల మధ్యాహ్నానికల్లా దొంగను పట్టింది. నా చొక్కా జేబు తిరగేస్తే పప్పు పొట్టు రాలింది. ఫోను మాట్లాడతా పక్క బస్తాలోంచి గుప్పెళ్లకు గుప్పెళ్లు నేనే తింటున్నానంట. నాకే తెలవదు.

సోమవారం నుంచి మీకు మాస్కుల్లేవు. గుప్పెడు తినండి. మూడు పెట్టెలూ సుశీల నా ఒక్కడికే కేటాయించింది.

బాలకోటయ్య

తా.క. చానా ఉక్కగా ఉంది. ఆ ఎద్దు వాక్యం షావుకార్లకూ చెల్లుతుందేమో మీ పాస్టరు గార్ని కనుక్కో.

నకరికల్లు, ఆదివారం

షావుకారు గారికి నలభైమంది వందనాలు.

రేపు మొహాలు కనబడేట్టే వస్తాం. బోర్డు పీకించండి. కళ్లం నడిపే ఎద్దని పేరొస్తే మాకు చిన్నతనం కాదు.

సలోమి

తా.క. పాస్టరు గార్ని అడగక్కర్లా, ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. అది నూర్చే ఎద్దుకే, కూర్చునే ఎద్దుకు కాదు. అయినా మా వరసలో ఒక పీట ఖాళీగా ఉంది. వచ్చి గింజలేరితే మీరూ గుప్పెడు తినొచ్చు.