తొట్టెల తేనె

నాచారం,
14 మే 2009

చెల్లె త్రివేణికి,

తొట్టెల నాడు బిడ్డ నాలుకకు రాయమని మొన్న నేనిచ్చిన తేనె సీసా మూత తీయకు. నీ ఫోన్ కలవడం లేదు. షిఫ్టు మధ్యలో నన్ను గేటు దాటనివ్వరు. అందుకే డ్యూటీ దిగి బోడుప్పల్ వస్తున్న దయాకర్‌కు ఈ చీటీ ఇస్తున్నాను.

మా డాబా మీద తేనెటీగల పెట్టె ఉంది కదా, చీమలు ఎక్కకుండా దాని కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాణ్ణి. ఈగలూ ఆ నీళ్లే తాగేవి. రెండు వారాలుగా ట్యాంకరు సరిగా రావడం లేదని, నీళ్లకు బదులు చీమల మందు పొడి పోశాను. అలవాటుకొద్దీ ఈగలు ఆ గిన్నెల మీదే వాలాయి. ఈ పొద్దున పెట్టె తెరిస్తే ఒక్కటీ బతికి లేదు. పట్టు మీదంతా తెల్లటి పొడి.

నీ దగ్గర దాచను. తేనె తీసిన రోజే గిన్నెల పక్కన నాలుగైదు ఈగలు గిలగిలా కొట్టుకోవడం చూశాను. ఎండకేమోననుకున్నాను.

నువ్వు తొట్టెల దాకా ఆగుతావు. మీ అత్తమ్మ ఆగదు. సీసా అందుకుంటూనే, "బిడ్డకు జరంత ఇప్పుడే నాకిస్తే ఏమైతది?" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఈ చీటీ అందేసరికి బిడ్డ నిద్రపోతుంటే, ముందు లేపి చూడు.

మీ అన్న