పెరట్లో పాతిన ద్రాక్షాసవం

ఎమ్మిగనూరు,
సర్వజిత్తు, మాఘ బహుళ తదియ.

ఈ రోజు మీ మాసికం. మీరు పోయేముందు పెరట్లో పాతిపెట్టిన ద్రాక్షాసవం కుండ కోసం మద్యనిషేధం జవాను వచ్చాడు. అందుకే రాస్తున్నాను.

ఆకలి పుట్టించే మందని దాన్ని మీరు పెట్టింది మన కోడలి పురుడు కోసమే కదా. కాన్పయినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. బాగా చిక్కిపోయింది.

జవాను కుండ మెడదాకా తవ్వించి చెవి ఆనించాడు.

"ఏందవ్వా, లోపల ఎవరో గొణుగుతాండారే?"

"మందు పులుస్తాందప్పా. ఆ సద్దు ఆగినంకనే తెరవల్ల. ఇప్పుడు తెరిస్తే గాలి తగిలి పాడయితాది."

"పులిస్తే సారాయే గదా! నీ నోటితో నువ్వే సెప్పినావు."

 మగ్గం దిగి వచ్చిన పక్కింటి నాగమ్మ గోడ మీదనుంచి అందుకుంది. "మీ యమ్మ నిన్ను కన్నప్పుడు తాగింది ఈ యింటి అయ్య మందే సామీ. ఆయమ్మ మీద గూడా కేసు రాసుకో!"

అతను నవ్వాడు గానీ వదల్లేదు. కుండ మెడకు తాడు కట్టి లక్కముద్ర వేశాడు. రేపు ఆదోని నుంచి తమ దొర వచ్చి సారాయి అని తేలిస్తే అక్కడే పగలగొడతామని చెప్పి వెళ్లాడు.

ఇక జరగవలసినవి:

1. తెల్లవారగానే మన పెద్దవాడు మీ వైద్యపట్టాతో ఆదోని వెళ్లి, దొర బయలుదేరకముందే చూపించాలి.

2. కుండను ఎవరూ కదిలించకూడదు. ఎండ తగలకుండా తడి గోనె కప్పాలి. కోడలికి ఏమీ చెప్పకూడదు.

3. తెరవక తప్పకపోతే నేనే తెరుస్తాను. మూత చుట్టూ మెత్తిన మట్టిలో మీ వేళ్ల అచ్చులు ఉన్నాయి. వాటిని వదిలి పక్కన కోస్తాను.